కొరకని గింజ

గిర్నీ సాయబు పోయాడన్న సంగతి నాకు ఎల్లారెడ్డి బస్టాండులో తెలిసింది. నెల మీటింగుకు వచ్చిన పక్క ఊరి అంగన్‌వాడీ టీచరు చాయ్ తాగుతూ మాటల మధ్యలో అనేసింది. మీ ఊళ్లో ఒకప్పుడు పిండి గిర్నీ నడిపిన ముసలాయన కామారెడ్డిలో కొడుకు దగ్గర పోయాడట కదా, నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయిందట, నీకు తెలియదా అంది. తెలియదన్నాను. చాయ్ మొత్తం తాగి, గ్లాసు వాపసు ఇచ్చి, బస్సెక్కాను. తాడ్వాయి వచ్చాక చూసుకుంటే మీటింగు కాగితాలు చేతిలో లేవు. హోటలు బల్ల మీదే వదిలేసి వచ్చాను.

పోయినవాళ్లను పొగడడం నాకు చేతకాదు. ఉన్నప్పుడు ఆయన్ని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అదీగాక ఆయనకు నేనొక అబద్ధం చెప్పాను. పదిహేనేళ్లు దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆయన గింజను ఎట్లా చూసేవాడో చెప్పాలి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో తాడ్వాయిలో దిగి కాస్త లోపలికి నడిస్తే మా అత్తగారి ఊరు. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే ఊరి మొదట్లో ఆయన గిర్నీ ఉంది. రేకుల షెడ్డు, అందులో డీజిల్ ఇంజన్, పొడుగాటి పట్టా, రెండు రాళ్లు. ఆయన పేరు ఊళ్లో ఎవరికీ అవసరం పడలేదు. పెద్దవాళ్లకు గిర్నీ సాయబు, మాకు చాచా. ఒంటి నిండా పిండి. కనురెప్పల మీద, కనుబొమ్మల మీద, గడ్డం మీద పిండి. ఆయన వెంట్రుకల అసలు రంగేమిటో పెళ్లయిన రెండేళ్ల దాకా నాకు తెలియదు.

ఇంజన్ చప్పుడులో మాట వినిపించదు కాబట్టి చేతులతోనే మాట్లాడేవాడు. మూడు వేళ్లు ఎత్తితే ముగ్గురి తర్వాత నీ వంతు అని. అరచేయి బోర్లిస్తే గింజలు ఇంకా ఎండాలని. ముక్కు తాకి దారి వైపు వేలు చూపించాడంటే గింజ వాసన వస్తోంది, తీసుకుపో అని. ఈ చివరి సైగంటే ఆడవాళ్లకు ఒళ్లు మంట. బావి దగ్గర ఒకరికొకరు అదే సైగ చేసుకుని నవ్వుకునేవాళ్లం. మా అత్త నేను వండిన కూర మీద కూడా దాన్ని ప్రయోగించేది. చాచా చెవులు ఆ ఇంజన్ కిందే పోయాయి. గిర్నీ ఆగాక కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మసీదు నుంచి వస్తూ ఎవరినైనా పలకరిస్తే కొత్తవాళ్లు కొట్లాట అనుకునేవారు.

గింజను పైపైన చూసే అలవాటు లేదాయనకు. మోచేతి దాకా గిన్నెలోకి దించి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. ముందు వాసన. తర్వాత ఒక్క గింజను పక్క పళ్ల మధ్య పెట్టుకుని సగానికి కొరికేవాడు. కొరికిన ముక్కను వెలుతురుకు పట్టి, మొలక వచ్చే కొన దగ్గర రంగు చూసేవాడు. తెల్లగా ఉంటే తల ఊపి పైన రేకు డబ్బాలో పోసేవాడు. నల్లగా ఉంటే ముక్కు మీదికి వేలు పోయేది. పటేలు ఇంటి జొన్నలను కూడా అట్లాగే వెనక్కి పంపి నెల రోజులు ఆ ఇంటివాళ్ల చేత మాటలు పడ్డాడు. అయినా కొరకడం మానలేదు.

పసిపిల్లల పిండి సంగతి వేరు. మా దగ్గర ఆరేడు నెలలు నిండిన పిల్లలకు మేం మక్కలనే మొక్కజొన్నలో, జొన్నలో వేయించి, పిండి పట్టించి, బెల్లం వేసి జావ కాచి పెట్టేవారు. వేయించకుండా పట్టిస్తే పిల్లల కడుపుకు పడదని పెద్దల నమ్మకం. ఆ పిండికి చాచా పైసలు తీసుకునేవాడు కాదు. పొద్దున రాళ్లు చల్లగా ఉన్నప్పుడు మొదటి వంతు దానిదే. నిన్నటి పిండి రవ్వంత కూడా మిగలకుండా రాళ్లనూ గుడ్డ గొట్టాన్నీ చీపురుతో దులిపి, లోపల్లోపల బిస్మిల్లా అనుకుని గింజ పోసేవాడు. పట్టడం అయ్యాక చిటికెడు పిండి తన నాలుక మీద వేసుకుని చప్పరించేవాడు. అప్పుడు మూట కట్టి ఇచ్చేవాడు.

"నేను తిన్న. ఇగ వాడు తినొచ్చు."

ప్రతి తల్లికీ అదే మాట. ఆ పిల్లలు ఎదిగి వీధిలో కనిపిస్తే వదిలేవాడా అంటే అదీ లేదు. ఆపి, గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, ఈ పళ్లు నా పిండితో వచ్చినవే అని నలుగురిలో చెప్పేవాడు. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకుని కూడా వదల్లేదు. ఆ పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎనభైల మొదట్లో ఒక ఏడు మక్కలు కోతకు వచ్చిన సమయంలో ముసురు పట్టింది. దసరా ముందు మొదలైన వాన దసరా వెళ్లినా వదల్లేదు. చేలోనే కంకులు నానాయి. తడి కంకులే తెచ్చి ఇంట్లో గోడ వారగా కుప్ప పోశాం. చెయ్యి పెడితే కుప్ప లోపల వెచ్చగా ఉండేది. బూరు వలిచి చూస్తే గింజల సందుల్లో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి. మెరక చెలకలో కాస్త ముందు విరిచినవి బాగున్నాయి, అవి అడ్తికి పోయాయి. మిగిలినవి ఇంటికి.  ఊరంతా అట్లాగే చేసింది. మంచిది అమ్మడం, మిగిలింది తినడం మాకు కొత్త కాదు.

నా కొడుక్కి అప్పుడు ఏడో నెల. కింద రెండు పళ్లు వచ్చాయి. ఎప్పుడూ నవ్వు ముఖమే, ఎవరెత్తుకున్నా పోయేవాడు. వాడికి జావ మొదలుపెట్టాలని మా అత్త ఆత్రపడింది.

ముందు నేను మామూలు పిండికని గిర్నీకి మక్కలు తీసుకుపోయాను. మా అమ్మ పెట్టిన ఇత్తడి గిన్నె నిండా. దాని అంచు ఒక చోట సొట్టపడి ఉంటుంది. చాచా చెయ్యి అడుగుకు దించాడు, వాసన చూశాడు, గింజ కొరికాడు. ముక్కు తాకి దారి చూపించాడు. నేను కదల్లేదు. వెనకాల అయిదారుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె ఫక్కున నవ్వింది. అప్పుడాయన ఇంజన్ ఆపాడు. పట్టడం మధ్యలో ఇంజన్ ఆపడం ఆయన ఎన్నడూ చేసేవాడు కాదు.

"ఇది బర్రెకు గూడ పెట్టకు బిడ్డా. మన్నుల కలిపెయ్యి."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇరవయ్యేళ్ల దాన్ని. నలుగురిలో అవమానం చేశాడనే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. గిన్నె ఎత్తుకుని, ఆయన్నీ ఆయన ముక్కునీ తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. మా అత్త నాకంటే ఎక్కువ తిట్టింది. ఆయనకేం, అంటాడు, మన్నులో కలిపితే ఏడాదంతా ఏం తినాలి అని అడిగింది. 

తర్వాత నాలుగు రోజులు ఎండ కాసింది. ఆ మక్కలను బూడిద నీళ్లతో మూడుసార్లు కడిగాం. గుడ్డతో రుద్దాం. అరుగు మీద ఆరబోశాం. వేయిస్తే వాసన పోతుందిలే అంది అత్త. వేయించింది మాత్రం నేనే. పెంక మీద సన్నటి మంటతో, మాడకుండా, చేతులు నొప్పి పుట్టేదాకా తిప్పుతూ వేయించాను. ఇల్లంతా కమ్మటి వాసన. నాకే నోరూరింది. బూజు వాసన ఇసుమంత కూడా లేదు. ఇంత మంచి గింజను వద్దన్నాడు చూడు అని ఆయన మీద కసి తీర్చుకున్నట్టు అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే పిల్లవాణ్ని చంకనేసుకుని, అదే ఇత్తడి గిన్నెతో గిర్నీకి పోయాను. పసిపిల్లల పిండి కాబట్టి మొదటి వంతు. ఇంకా ఎవరూ రాలేదు. చాచా ఇంజన్ మొదలుపెట్టలేదు కూడా. గిన్నె చూశాడు. నన్ను చూశాడు. చెయ్యి దించి గుప్పెడు తీసి వాసన చూశాడు. అందులోంచి ఒక గింజ తీసి నోటి దాకా తీసుకుపోయాడు. నా కొడుకు చెయ్యి చాపి ఆయన గడ్డం పట్టుకున్నాడు. పిండి రాలితే వాడికి నవ్వు వచ్చింది. రెండు పళ్లూ కనిపించేలా నవ్వాడు. చాచా వాడినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ గింజను మెల్లగా గిన్నెలో వేసేశాడు.

కొరకలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే అదే భయంతో నేను ఆయన నోటి వైపే చూస్తూ ఉన్నాను. గండం గడిచిందనుకున్నాను. రాళ్లు దులిపాడు, బిస్మిల్లా అనుకున్నాడు, పట్టాడు. పిండి మూట కట్టే ముందు ఎప్పుడూ చిటికెడు తినేవాడు కదా, ఆ రోజు గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. కమ్మగా ఉందని తిన్నాడనుకున్నాను. మాట మాత్రం అదే అన్నాడు, నేను తిన్న, ఇగ వాడు తినొచ్చు అని. అరిచినట్టు కాదు, చిన్నగా అన్నాడు.

మా వాడు ఆ జావను ఎంత ఇష్టంగా తిన్నాడో చెప్పలేను. గిన్నె కనిపిస్తే చేతులు చాపేవాడు. పూటకు రెండు గిన్నెలు. బుగ్గలొస్తాయని మా అత్త మురిసింది. మూడు వారాలు దాటాక పొట్ట ముందుకు వచ్చింది. బలం పట్టిందనుకున్నాం. తర్వాత తినడం మానేశాడు. నవ్వు తగ్గింది. ఒకనాడు ఎండలో నూనె రాస్తుంటే కళ్లలో తెలుపు పచ్చగా కనిపించింది. మా ఇంటి కుక్క కూడా అంతకు ముందు వారమే, ఆ మక్కలు ఇంట్లో విసిరి వండిన గటక తిని తిని గోడ పక్కన పడి చచ్చింది. ఆ రెండూ ఒకటేనన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

కామెర్లకు పసరు పోసే ఆయన దగ్గరికి మూడు రోజులు తిరిగాం. నాలుగో రోజు కామారెడ్డిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పొట్ట నొక్కి చూసి, పిల్లవాడికి ఏం పెడుతున్నారని అడిగాడు. చెప్పాను. ఏం మక్కలు, ఎట్లా దాచారు అని అడిగాడు. చెప్పాను. కడిగి వేయించామని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వేయిస్తే వాసన పోతుందమ్మా. బూజు విషం పోదు."

ఇప్పుడు ఆ మాట అంగన్‌వాడీకి వచ్చే తల్లులకు నేనే చెబుతుంటాను. నా కొడుక్కి దానివల్లే వచ్చిందా అని అడిగాను. అవునని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నాడు. అంతకంటే అవునని చెప్పేసి ఉంటే బాగుండేది. మందులు రాసిచ్చాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. తిరుగు ప్రయాణంలో, బస్సులో, నా ఒళ్లో పోయాడు. పక్కన కూర్చున్న మా ఆయనకు కూడా చెప్పలేదు. ఊరు వచ్చేదాకా కొంగు కప్పుకుని అట్లాగే కూర్చున్నాను.

మధ్యాహ్నం చాచా వచ్చాడు. గోడ బయట నిలబడ్డాడు. ముఖం కడుక్కుని వచ్చాడు. ఆ రోజే ఆయన కనుబొమ్మలు నల్లగా ఉంటాయని చూశాను. మట్టి అయ్యేదాకా నిలబడి వెళ్లిపోయాడు.

డాక్టరు అన్న మాట ఊళ్లో పాకింది. ఆ చలికాలం ఇంకో ఇద్దరు పిల్లలకు కామెర్లు వచ్చి తగ్గాయి. వాళ్ల పిండి కూడా ఆ గిర్నీలో పట్టిందే. గిర్నీలో ఏదో కలిసిందని కొందరన్నారు. పదకొండు రోజులు గడిచాక చాచా మా గడపలోకి వచ్చాడు. మా అత్త లోపల చాట పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన, ఆ పిండి పట్టిన పొద్దులాగే, గొంతు తగ్గించి అడిగాడు.

"బిడ్డా, నేను వద్దన్న మక్కలేనా మల్ల తెచ్చింది?"

"కాదు చాచా. అవి పారబోసినం. ఇవి మా తల్లిగారింటి నుంచి వచ్చినయ్."

ఎట్లా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. ముందు అనుకున్నది కాదు. అవునంటే నా కొడుకును నేనే చంపుకున్నట్టు. ఆ మాటను నోటితో అనే ధైర్యం నాకు లేదు. లోపల చాట చప్పుడు ఆగింది.  ఆ తర్వాత మా అత్త బతికినన్నాళ్లూ ఆమె, నేను ఆ విషయం ఎత్తలేదు. చాచా నా వైపు చూసి అచ్ఛా అన్నాడు. వెనక్కి తిరిగాడు.

మర్నాటి నుంచి గిర్నీ మూతపడింది. రాళ్లు దించాడు. సున్నం నీళ్లతో, తర్వాత వేడి నీళ్లతో, తర్వాత ఇటుక పొడితో తోమాడు. గాట్ల మధ్య మేకు పెట్టి గీకాడు. గుడ్డ గొట్టం కాల్చేసి కొత్తది కుట్టించాడు. పది రోజులు అదే పని. ఊరివాళ్లు సాయబుకు మతి పోయిందన్నారు. నేను రోజూ బిందెతో ఆ దారినే నీళ్లకు పోవాలి. రాయి మీద వంగి తోముతున్న ఆ వీపు కనిపించేది. తన రాళ్లదే తప్పని నమ్మి తోముతున్నాడనుకున్నాను. ఒక్క మాట చెబితే ఆపుతాడు. చాచా, మీ రాళ్లది కాదు, నాది అని. బిందె నెత్తిన పెట్టుకుని ఎన్నిసార్లు ఆగానో. ప్రతిసారీ నీళ్లు ఒలికాయి తప్ప మాట రాలేదు.

గిర్నీ తెరిచాక ఒక కొత్త నియమం పెట్టాడు. పసిపిల్లల గింజ పచ్చిదే తేవాలి, వేయించి తెస్తే పట్టను అన్నాడు. షెడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి, పెద్ద పెంక పెట్టాడు. గింజను ముందు తను చూడాలి, తర్వాత తనే వేయించాలి. తమ పిల్లల గింజ మగవాడు వేయించడమేమిటని ఆడవాళ్లు గొడవ పడ్డారు. కొందరు ఎల్లారెడ్డి దాకా పోయి పట్టించుకున్నారు. ఆయన మారలేదు. పొయ్యి ముందు కూర్చుని పొగకు కళ్లు నలుపుకుంటూ వేయించేవాడు. పిల్లల పళ్లు చూడడం మాత్రం మానేశాడు. నేను తిన్న, వాడు తినొచ్చు అనే మాట కూడా ఆ తర్వాత ఎవరూ వినలేదు.

రెండేళ్లకు నాకు కూతురు పుట్టింది. దాని జావకు గింజ తీసుకుపోయాను. వేరే గిన్నెలో తీసుకుపోయాను, ఇత్తడి గిన్నెను అటక మీద పారేశాను. చాచా చాపేసుకుని కూర్చుని గింజలు కొరకడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు. ఒక్కొక్కటీ తీసి, కొరికి, వెలుతురుకు పట్టి, పక్కన పెట్టి, ఇంకోటి తీసి. ముప్పయ్యో నలభయ్యో. వెనక వచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోయారు. ఎండ షెడ్డులోకి వచ్చింది. ఆయన చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. చాలు చాచా అన్నాను. ఆయన తల ఎత్తలేదు. అప్పుడైనా చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

తర్వాత నాకు అంగన్‌వాడీ పని దొరికింది. ఊళ్లోకి కరెంటు గిర్నీ వచ్చింది. చాచా ఇంజన్ అమ్మేసి, దుబాయి నుంచి తిరిగొచ్చి కామారెడ్డిలో సైకిల్ షాపు పెట్టుకున్న కొడుకు దగ్గరికి చాచీతో పాటు వెళ్లిపోయాడు. షెడ్డు రేకులు ఎవరో తీసుకుపోయారు. పొయ్యి రాళ్లు చాలా రోజులు అక్కడే ఉన్నాయి.

ఆయన చనిపోవడానికి ముందు ఏడు, కామారెడ్డిలో మీటింగు పడితే వెతుక్కుంటూ వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. ఒట్టి చేతులతో ఎట్లా పోవాలని మా చేలో పండిన కొత్త మక్కలు గుడ్డ సంచిలో కట్టుకుపోయాను. షాపు వెనక వరండాలో నులక మంచం మీద కూర్చున్నాడు. ఒంటి మీద పిండి లేకపోతే ఆయన చాలా చిన్న మనిషి. చాచీ చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. అరిచినట్టు మాట్లాడడం మాత్రం పోలేదు. కళ్లు మసకన్నాడు. ముక్కు పనిచేయడం లేదని, ఇప్పుడు తనకు అత్తరైనా పెండైనా ఒకటేనని చెప్పి నవ్వాడు. నవ్వితే చూశాను, ఒక్క పన్ను కూడా లేదు.

సంచి విప్పాను. చెయ్యి అడుగుకు దించాడు, పాత అలవాటు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, ఒక గింజ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కొరుకు బిడ్డా. ఏం రంగున్నదో చెప్పు."

కొరికాను. వెలుతురుకు పట్టాను. మంచి గింజే. కొన దగ్గర మాత్రం వెంట్రుక మందం నలుపు ఉంది. తెల్లగా ఉందంటే ఆయనకు కనిపించదు. వాసన రాదు. కొరికి చూసుకోలేడు. నా మాటే ఆఖరు మాట. 

కొన దగ్గర నలుపుంది చాచా అన్నాను. అది అన్నాక మిగిలింది ఆగలేదు. అప్పుడు తెచ్చినవి మీరు వద్దన్న మక్కలే, కడిగి వేయించి తెచ్చాను, తల్లిగారింటి నుంచి రాలేదు, మీ రాళ్లది ఏ తప్పూ లేదు అని ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన నా నోటి వైపే చూస్తూ విన్నాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. గుండె మీంచి బరువు దిగుతుందని కూడా, నిజం చెప్పాలంటే, అనుకున్నాను.

"ఎర్కే బిడ్డా" అన్నాడు. "గిన్నె జూడంగనే ఎర్కైంది. పిలగాడు నవ్విండు. నీ మొఖం జూసి రెండోపారి పొమ్మనబుద్ధి కాలే. కొరికితే తెలుస్తదని కొరకలే."

 మరి మా ఇంటికొచ్చి ఎందుకడిగారు చాచా అన్నాను.

"నువ్వు అవునంటవేమోనని. నువ్వంటే నేను గూడ చెప్పేటోన్ని."

లోపలి నుంచి చాచీ, చాయ్ చల్లారిపోతోంది తాగమని కేకేసింది. ఇద్దరం గ్లాసులు ముట్టలేదు. రాళ్లు తోమిన పది రోజులూ, కూతురి గింజ కొరికిన ఆ పొద్దూ, నోట్లో పోసుకున్న ఆ గుప్పెడు పిండీ, అన్నీ ఒక్కసారి నా ముందుకు వచ్చాయి. ఊరి బావికి పోతూ ఆగిన ప్రతిసారీ, వంగి ఉన్న ఆ వీపు నా అడుగుల చప్పుడు కోసమే ఎదురుచూసి ఉంటుంది. చెవులు లేని మనిషి ఎట్లా వింటాడు అనుకుని సర్దిచెప్పుకోబోయాను. సర్దిచెప్పుకోలేకపోయాను.

బస్సు వేళయింది. లేవబోతే ఆయన సంచి మీద చెయ్యి వేసి ఆపాడు. గుప్పిట్లో మిగిలిన గింజలను తిరిగి అందులో పోసి, మూతి బిగించి కట్టి, నా వైపు జరిపాడు. తర్వాత వేలెత్తి ముక్కు తాకి, దారి వైపు చూపించాడు.

ఆ వెళ్లగొట్టింది మక్కలనా, నన్నా అని నేను అడగలేదు. సంచి ఎత్తుకుని వచ్చేశాను.